ఆస్టరు నారు, జానెడు వేళ్ళు

ఆ రోజుల్లో అసూయపడడానికి ఇప్పుడున్నన్ని వసతులు ఉండేవి కావు. ఇప్పుడైతే కుర్చీలోంచి కదలకుండా ఫోను తెరిస్తే చాలు, ఎవరు ఏ ఇల్లు కట్టారో, ఎవరు ఏ చీర కట్టారో అన్నీ కనిపిస్తాయి, ఉన్నచోటే ఉండి కడుపు మండించుకోవచ్చు. డెబ్బైల్లో మా కోనసీమలో అంత సుఖం లేదు. మా ఊరు రాజోలుకీ సఖినేటిపల్లి రేవుకీ మధ్యన ఉంటుంది. అందరివీ ఒకేలాంటి ఇళ్ళు, అందరి పెరళ్ళలోనూ అవే కొబ్బరిచెట్లు, అందరి కంచాల్లోనూ ఆ పూట వీధిలోకి వచ్చిన చేపే. పండగ బట్టలు కూడా మా వీధి మొత్తానికి ఒకే కొట్లో ఒకే తానులోంచి చింపించి తెచ్చేవారు. ఇలాంటి చోట ఒకరిని చూసి ఇంకొకరు కుళ్ళుకోవాలంటే ఎంతో శ్రద్ధ కావాలి. ఓపిక కావాలి. పక్కింటి దడిలో కంటికి సరిపడా కన్నం ఎక్కడుందో తెలిసి ఉండాలి. నాకు ఇవన్నీ ఉండేవి. పైగా దేవుడు ఆ దడికి అవతలే నాకొక వదినని ఇచ్చాడు.

వదిన అంటే మా అన్నయ్య భార్య కాదు, నాకు అన్నయ్యే లేడు. మా మేనత్త కూతురు, నాకంటే ఏడాది పెద్దది, అందుకని వదిన. మా నాన్న బడిలో మాస్టారు, మామయ్య పోస్టాఫీసులో గుమాస్తా. రెండిళ్ళలోనూ సాయంత్రం అవే పాటలు పాడుకుని, అవే ప్రార్థనలు చేసుకుని, ఒకే వేళకి అన్నాలు తినేవాళ్ళం. ఇంతవరకూ సమానమే. కానీ వదిన జడ మోకాళ్ళు దాటి కిందికి వచ్చేది. నాకేమో హైస్కూల్లో ఉండగా టైఫాయిడ్ వచ్చి జుట్టంతా ఊడిపోయింది. మళ్ళీ మొలిచిన జుట్టు మెడ దాకా వచ్చి, ఇక్కడ బాగానే ఉంది కదా అన్నట్టు అక్కడే ఆగిపోయింది. ఆదివారం గుడికి (చర్చిని మేం గుడే అంటాం) వెళ్ళేటప్పుడు అమ్మ దానికి సవరం కట్టి, రిబ్బను చుట్టి, ఎవరికీ తెలియదులే అనేది. (ఊరందరికీ తెలుసు. ఒకసారి గుడిలో మోకరించి లేచేసరికి సవరం చాప మీదే ఉండిపోయింది.) అప్పటినుంచీ పొడుగైనది ఏది కనిపించినా నాకు గౌరవం. పొడుగు జడ, పొడుగు పరికిణీ, ఆఖరికి పొడుగు ప్రసంగం కూడా. కత్తెర కనిపిస్తే మాత్రం గుండెల్లో దడ.

అది చాలదన్నట్టు వదిన చెయ్యి మంచిదని ఊళ్ళో పేరు. ఆనపపాదు పెట్టాలన్నా, మల్లె అంటు పాతాలన్నా వీధిలో ఆడవాళ్ళు వదినని పిలుచుకెళ్ళి ఆవిడ చేత మొదటి గుప్పెడు మట్టి వేయించేవారు. ఆవిడ కూడా ఏదో పెద్ద డాక్టరమ్మలాగా జడ ముందుకు వేసుకుని, కొంగు దోపుకుని, వెళ్ళి మట్టి వేసి వచ్చేది. నా చెయ్యి గురించి ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఒకసారి నేనే ఉండబట్టలేక మా ఎదురింటావిణ్ణి, ఈసారి గుమ్మడిగింజలు నేను పెట్టనా పిన్నిగారూ అని అడిగితే, ఆవిడ నా చేతిలో రెండు లడ్డూలు పెట్టి ఇంటికి పంపేశారు.

ఇక అసలు విషయం. మా గుడిలో క్రిస్మస్ ఆరాధన రోజున బల్ల మీద రెండు ఇత్తడి కూజాల నిండా పూలు పెట్టేవారు. ఎవరి పెరటి పూలు పెట్టాలన్నది పాస్టరు అయ్యగారి భార్య నిర్ణయం. ఆవిణ్ణి మేమంతా అమ్మగారు అనేవాళ్ళం. పండక్కి ముందు ఆవిడ గొడుగు వేసుకుని ఇల్లిల్లూ తిరిగి చూసి, మీవి కోసి పంపించండమ్మా అని ఒక ఇంట్లో చెప్పేవారు. బహుమతీ గిహుమతీ ఏమీ లేదు. ప్రసంగానికి ముందు ప్రకటనలు చదివేటప్పుడు అయ్యగారు కళ్ళజోడు సవరించుకుని, 'ఈ పండుగ పూలు సమర్పించినది ఫలానా వారి అమ్మాయి' అని పేరుపెట్టి చదివేవారు, అంతే. ఆ వాక్యం అప్పటికే రెండు పండగలుగా వదిన బంతిపూల పుణ్యమా అని వదిన పేరుతో నడుస్తోంది. ఆ ఏడు నాకు ఆ వాక్యం ఎలాగైనా కావాలి. ఎందుకంటే ఆ ఏడే నేను ఇంటరు తప్పాను. వదిన పాసయింది. ఊళ్ళో నా పేరు ఎక్కడ వినబడినా దాని వెనకాలే 'తప్పిందటగా' అన్న మాట వినబడేది. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, నా పేరు మైకులో వినబడి, దాని వెనకాల ఆ మాట లేకుండా ఉంటే చూడాలని ఉండేది.

సరిగ్గా అప్పుడే బెంగుళూరులో పనిచేసే మా బాబాయి సెలవుకి వస్తూ ఆస్టరు విత్తనాల పొట్లం తెచ్చాడు. చామంతికి చుట్టంలా ఉంటుంది ఆ పువ్వు. తెలుపు, ఊదా, గులాబీ రంగుల్లో పూస్తుంది. మా చుట్టుపక్కల అప్పటికి ఎవరి పెరట్లోనూ లేదు. పొట్లం ఎవరికివ్వాలో తెలియక బాబాయి దాన్ని మా నాయనమ్మ చేతిలో పెట్టి, మనవరాళ్ళిద్దరికీ నువ్వే పంచమ్మా అని, మర్నాడు బస్సెక్కి వెళ్ళిపోయాడు. (తెలివైనవాడు. ఇప్పటికీ మా కుటుంబ తగాదాల్లో ఏ పక్షమూ లేనివాడు అతనొక్కడే.)

నాయనమ్మ పడుచుగా ఉన్నప్పుడు రైతుల చేలల్లో ఊడుపులకి వెళ్ళిన మనిషి. మా నాన్న మాస్టారయ్యాక మానిపించారు కానీ, నారు అన్న మాట చెవిన పడితే ఆవిడ నడుము దానంతట అదే వంగేది. విత్తనాలు పంచితే మీరు కొట్టుకుంటారు, నారు పోసి పంచుతానని, పాత గోలెంలో లంకమట్టి నింపి అందులో చల్లింది. నారు బాగా మొలిచింది. కానీ తీసి నాటే వేళకి వానలు పట్టుకున్నాయి. కాలవ పొంగి పెరళ్ళన్నీ బురద. నేల కాస్త ఆరేదాకా ఆగండర్రా అంది నాయనమ్మ. మేం ఆగాం, నారు ఆగలేదు. పైకి పెరగడానికి ఎండ లేక అది కిందికి పెరిగినట్టుంది. గోలెంలో మెత్తటి ఒండ్రుమట్టి లోతుగా ఉండేసరికి వేళ్ళు దిగుతూ పోయాయి.

వాన వెలిసిన పొద్దున నాయనమ్మ గోలెం ముందు పీట వేసుకుని కూర్చుంది. వరి ఆకుమడిలో నారు ఎలా తీస్తారో మీలో చూసినవాళ్ళుంటారు. నీళ్ళు పెట్టి, గుప్పెట్లో పట్టినన్ని పట్టి లాగి, మట్టి వదిలేలా కాలికేసి తట్టి, కట్ట కడతారు. మా నాయనమ్మకి తెలిసిన నారు అదొక్కటే. బెంగుళూరు నుంచి రైలెక్కి వచ్చిన ఆస్టరు నారుని కూడా అలాగే గుప్పెడు గుప్పెడు లాగింది, పిక్కకేసి టపటపా తట్టింది, బకెట్టు నీళ్ళలో జాడించింది, అరటినారతో రెండు కట్టలు కట్టి మా ఇద్దరి ముందూ పెట్టింది. మట్టి వదిలిపోయాక వేళ్ళు చూస్తే ఏముంది, మొక్క బెత్తెడు, వేళ్ళు జానెడు. తెల్లగా, తడిగా, వేలాడుతూ ఉన్నాయి. అందులోనూ వదిన ముందు పెట్టిన కట్ట గోలెం మధ్యలోది. దాని వేళ్ళు నా కట్ట వేళ్ళ కంటే ఇంకా పొడుగు.

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. జడ ఎలాగూ ఆవిడదే, చివరికి మొక్కల వేళ్ళు కూడా ఆవిడవే పొడుగా? వేరు ఎంత పొడుగుంటే మొక్క అంత బలమని చిన్నపిల్లకైనా తెలుస్తుంది కదా అని నా లెక్క. నాయనమ్మకి మొదటినుంచీ కూతురి బిడ్డంటేనే ఇష్టమనీ, కొడుకు బిడ్డ ఏమైపోయినా పట్టదనీ మొదలుపెట్టి, టైఫాయిడ్ దగ్గర్నుంచి ఇంటరు దాకా నా కష్టాలన్నీ ఏకరువు పెట్టాను. నాయనమ్మ నోరు తెరుచుకుని వింది. "పూలు చూసి ఏడిసినోళ్ళని చూసేను గానీ, వేళ్ళు చూసి ఏడిసినోళ్ళని నిన్నే చూడ్డం" అంది. వదిన మాత్రం తన కట్ట తీసి నా ముందు పెట్టి, నా కట్ట తను తీసుకుంది. అలా తేలిగ్గా ఇచ్చేసేసరికి నాకు ఇంకా మండింది. ఇవ్వనని కాస్త పెనుగులాడి ఉంటే గెలిచినట్టు ఉండేది.

నాటడం దగ్గర వచ్చింది చిక్కు. జానెడు వేరు నిలువుగా దిగాలంటే జానెడు గొయ్యి కావాలి. మా పెరడు పల్లం. ఆ వానల్లో బెత్తెడు తవ్వేసరికి గోతిలో నీళ్ళు ఊరేవి. ఇంకాస్త తవ్వితే కప్ప వచ్చి కూర్చునేది. నేను ఆ నీళ్ళ గోతుల ముందు కట్ట పట్టుకుని దిగాలుగా కూర్చునుంటే దడి అవతలనుంచి వదిన తొంగిచూసింది. ఆవిడ అప్పటికే కత్తెర పెట్టి తన నారు వేళ్ళన్నీ సగానికి కత్తిరించి నాటేసిందట. నన్ను కూడా అలాగే చేయమంది.

"చివర్లు కత్తిరించెయ్యి బుల్లీ. ముడుచుకుపోతే ఊపిరాడదు వాటికి."

ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే ఎంత మంచి మాట. అప్పుడు మాత్రం నాకు అందులో పెద్ద కుట్ర కనిపించింది. పొడుగు వేళ్ళ కట్ట నాకిచ్చినట్టే ఇచ్చి, ఓర్వలేక, నా చేతే కత్తిరింపించేసి సమానం చేసేద్దామనుకుంటోంది. మోకాళ్ళ కింద దాకా జడ ఉన్నవాళ్ళకేం, ఎంతైనా కత్తిరించమంటారు. పొడుగంటే ఏమిటో లేనివాళ్ళకి కదా తెలిసేది. "నాకు తెలుసులే వదినా" అని, ఆవిడ అటు తిరిగాక, ఒక్కొక్క మొక్క వేళ్ళనీ వేలి చుట్టూ చుట్టి, తలంటు తర్వాత అమ్మ వేసుకునే ముడిలాగా ముడిచి, ఆ బెత్తెడు గోతిలో కూర్చోబెట్టి, పైన మట్టి వేసి అరచేత్తో గట్టిగా అదిమాను. ఒక్క వేరు తెగలేదు. పని పూర్తయ్యాక చేతులు కడుక్కుంటూ, ఇంత జాగ్రత్తగా మొక్కలు నాటిన మనిషి కోనసీమలో ఇంకొకరు ఉండరనుకున్నాను. బహుశా లేరేమో.

మొదటి నాలుగు రోజులూ ఉన్నంత ఆనందం నా జీవితంలో ఎరగను. వేళ్ళు తెగిన వదిన మొక్కలు తలలు వాల్చేశాయి. నా మొక్కలు నిటారుగా నిలబడ్డాయి. పొద్దున లేవగానే ముఖమైనా కడుక్కోకుండా కన్నం దగ్గరికి వెళ్ళి చూసేదాన్ని. కన్నంలోంచి చూస్తే తృప్తి చాలక, అల్లం ముక్క కావాలనీ, అగ్గిపెట్టె కావాలనీ వంకలు పెట్టుకుని వాళ్ళ పెరట్లోకే వెళ్ళి, అయ్యో వదినా, వాలిపోయాయే అని పరామర్శించి వచ్చేదాన్ని. మా ఇంట్లో అల్లం పోగుపడింది. అమ్మకి అనుమానం వచ్చి, కడుపులో ఏమైనా బాగోలేదా అని అడిగింది కూడా.

తర్వాత వారం వదిన మొక్కలు తలలెత్తాయి. ఆ పై వారం చిగురు వేశాయి. నా మొక్కలు మాత్రం నాటిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. వాడిపోవు, పెరగవు. నేను చేయని వైద్యం లేదు. తెలగపిండి నానబెట్టి పోశాను. చేపలు కడిగిన నీళ్ళు పోశాను. దాంతో వీధిలో పిల్లులన్నీ వచ్చి పాదుల చుట్టూ కాపలా కూర్చున్నాయి. రోజూ పడుకోబోయే ముందు ప్రార్థన కూడా చేసేదాన్ని. తండ్రీ, నా మొక్కల్ని పెంచు, అది నీ చిత్తం కాకపోతే కనీసం వదినవి కూడా ఆపు అని. ఇందులో స్వార్థం ఏమీ లేదనీ, సమానత్వం అడుగుతున్నాననీ దేవుడికి వివరంగా చెప్పుకునేదాన్ని.

అప్పుడే మా ఇంట్లో గృహప్రార్థన వచ్చింది. వీధిలో వాళ్ళంతా వచ్చి మా వసారాలో చాపల మీద కూర్చున్నారు. పాటలయ్యాక ఒక్కొక్కరే ప్రార్థన చేస్తున్నారు. జబ్బుల గురించీ, ఉద్యోగాల గురించీ, గల్లంతైన గేదె గురించీ అయ్యాక వదిన వంతు వచ్చింది. ఆవిడ కళ్ళు మూసుకుని, గొంతు తీయగా చేసుకుని, అందరికీ వినబడేలా, "మా మరదలు ఎంతో ఆశగా నాటుకున్న మొక్కలు ఎదగట్లేదు తండ్రీ, ఇప్పటికే దానికి పరీక్ష పోయింది, ఈ మొక్కలన్నా పోకుండా దీవించు తండ్రీ" అని ప్రార్థించింది. వసారా అంతా ముక్తకంఠంతో ఆమెన్ అంది. నాయనమ్మ అందరికంటే గట్టిగా అంది. నాకు ఒళ్ళంతా కారం రాసినట్టయింది. ఎవరి మీదైనా కోపం తీర్చుకోవచ్చు గానీ, మన కోసం ప్రార్థన చేసిన మనిషిని ఏమనగలం? అమ్మగారు పైకి లేస్తూ నా తల నిమిరి, నీ వదిన మనసు ఎంత మంచిదమ్మా అన్నారు. ఆయ్, అవునండి అన్నాను. ఆ రెండు మాటలు అనడానికి నాకు పట్టినంత కష్టం ఇంటరు లెక్కల పేపరుకి కూడా పట్టలేదు.

మర్నాడు ఉక్రోషం పట్టలేక ఒక మొక్క పీకి చూశాను. నేను చుట్టిన ముడి చుట్టినట్టే వచ్చింది. ఒక్క కొత్త వేరు లేదు. ఉన్నవి కూడా లోపల నల్లబడుతున్నాయి. అప్పుడే వచ్చిన నాయనమ్మ దాన్ని నా చేతిలోంచి లాక్కుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఎన్నో ఎకరాలు ఊడ్చిన మనిషి ముఖంలో అంత ఆశ్చర్యం నేనెప్పుడూ చూడలేదు. "ఇదేంటే, మొక్కలకి సిగలేసి పాతేవా?" అంది. పొడుగు వేళ్ళు కదా నాయనమ్మా, పాడుచేయడం ఇష్టం లేక అన్నాను. ఆవిడ నా మెడ వైపు ఒకసారి చూసి, లోపలికి వెళ్ళి కత్తిపీట తెచ్చింది. మిగిలిన మొక్కలన్నీ పీకించి, చచ్చిన వేళ్ళన్నీ కోసేసి, మట్టి ఎత్తుగా పోసి మళ్ళీ నాటింది. ఆ కోత నేను చూడలేక కొబ్బరిచెట్టు వైపు తిరిగి నిలబడ్డాను. చావగా మిగిలినవి ఓ గంపెడు కూడా లేవు. అప్పటికి పండక్కి నెల కూడా లేదు.

క్రిస్మస్‌కి ఏమైందో మీరు ఊహించే ఉంటారు. వదిన పెరట్లో ఆస్టర్లు విరగబూశాయి. అమ్మగారు గొడుగు మడిచి మరీ చూశారు. పండగనాడు అయ్యగారు కళ్ళజోడు సవరించుకుని వదిన పేరు చదివారు. ఆడవాళ్ళ వైపు మొదటి కిటికీ పక్కన ఆవిడ తలదించుకుని కూర్చుంది, తల దించుకుంటే జడ ఇంకా బాగా కనిపిస్తుందని ఆవిడకి తెలుసు. ప్రసంగం దేని గురించో నాకు గుర్తులేదు. నేను ఆ సేపంతా కూజాలో పూలు ఎప్పుడు వాడతాయా అని కనురెప్ప వేయకుండా చూశాను. అవి వాడలేదు. సాయంత్రం ఆరాధనకి కూడా అలాగే ఉన్నాయి.

ఇంతటితో అయిపోలేదు. ఆ వెంటనే వదినకి సంబంధం కుదిరింది. నరసాపురంలో ఉద్యోగం చేసే అబ్బాయి. ఈస్టరుకి ముందు వచ్చే శ్రమకాలం మొదలైతే పెళ్ళిళ్ళు చేయరు కాబట్టి ఆ లోపలే ముహూర్తం పెట్టుకున్నారు. అప్పటికి వదిన పెరట్లో మొక్కలు పూసి ఎండిపోయాయి. ఊళ్ళో తెల్లపువ్వన్నది లేదు. ఉన్నదల్లా, ఆలస్యంగా తేరుకుని అప్పుడే పూస్తున్న నా కాసిని మొక్కలు, అందులో ఎక్కువ తెల్లవే. తెల్ల చీరకీ ముసుగుకీ చేతిలో తెల్ల పూలగుత్తి లేకపోతే పెళ్ళికూతురులా ఉండదని అమ్మ చెప్పి, నన్ను ఒక్క మాట అడక్కుండా మొత్తం కోసేసింది. వదిన నా పూలు చేతిలో పట్టుకుని గుడిలోకి నడిచింది. మగపెళ్ళివారి వైపు పెద్దావిడ ఒకరు, ఈ పూలు ఎక్కడివండీ, ఎంత బాగున్నాయో అని అడిగారు. నేను పక్కనే ఉన్నాను. నోరు తెరిచేలోపలే మా మేనత్త అందుకుంది. "మా అమ్మాయి చెయ్యి మంచిదండి. అది నాటితే పూయనిదంటూ ఉండదండి" అంది. ముసుగులోంచి వదిన నా వైపు చూసింది. కాదని చెప్పచ్చు. చెప్పలేదు. చిన్నగా నవ్వి, పూలగుత్తి ఇంకాస్త పైకి పట్టుకుంది. ఆ క్షణంలో నాకు అర్థమయింది, ఈ కుళ్ళు నా ఒక్కదానికే ఉన్నది కాదని.

మరుసటి ఏడు నేను ఇంటరు గట్టెక్కాను. వదిన పెరట్లో ఎండిన పూలనుంచి దులిపి దాచిన గింజలతో మళ్ళీ నారు పోశాను. వేళ్ళు సాగకముందే తీశాను, సాగినవాటిని కళ్ళు మూసుకుని కత్తిరించాను, ఎత్తు మళ్ళలో నాటాను. పూశాయి. దడి అవతల గడ్డి తప్ప ఏమీ లేదు. కన్నం దగ్గరికి వెళ్ళి చూడవలసిన అవసరం లేకపోయినా అలవాటు కొద్దీ వెళ్ళి చూసేదాన్ని. అమ్మగారు వచ్చారు, మీవే పంపించండమ్మా అన్నారు. క్రిస్మస్ నాడు అయ్యగారు నా పేరు చదివారు. మైకులో, స్పష్టంగా, వెనకాల ఏ మాటా లేకుండా. మా నాన్న గొంతు సవరించుకున్నారు. అమ్మ కళ్ళు తుడుచుకుంది. నేను తల తిప్పి మొదటి కిటికీ పక్కకి చూశాను. అక్కడ కొత్తగా వచ్చిన కాంపౌండరు గారి భార్య ఇద్దరు పిల్లలతో కూర్చుని, చిన్నవాడి ముక్కు తుడుస్తోంది. ఆవిడకి నా పేరే తెలియదు. ఎంతో ఆకలి మీద కూర్చుంటే విస్తట్లో ఉప్పు లేని కూర వడ్డించినట్టు అయిపోయింది నాకు.

మర్నాడు మిగిలిన పూలన్నీ కోసుకుని, తడిగుడ్డలో చుట్టుకుని, సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కాను. ఇంట్లో వదినని చూసి వస్తానని చెప్పాను. నిజానికి వదినకి చూపించి రావడానికి వెళ్ళాను. పంటు మీద ఎవరో, ఈ పూలు అమ్మడానికా అమ్మా అంటే, కాదండి, మా వదినకండి అని గొప్పగా చెప్పాను.

నరసాపురంలో వదిన వాళ్ళది అద్దె మేడ. కింద ఇంటివాళ్ళ సిమెంటు వాకిలి, పైన ఈవిడ రెండు గదులు. గుప్పెడు మట్టి లేదు. కిటికీలో ఒక డాల్డా డబ్బాలో తులసో మరువమో ఏదో ఉంది, ఎండ తగలక పాలిపోయి. వదిన నన్ను చూసి ఎదురొచ్చింది, పూలు చూసి ఆగింది. నేను కాళ్ళు కూడా కడుక్కోకుండా చెప్పేశాను, నా పేరు చదివేరు వదినా అని. వదిన పూలు తీసుకుని, ఒకటి తిప్పి వెనకాల చూసింది. "కాడ కొంచెం పొట్టిగా వచ్చిందే" అంది.

ఆ ముఖం చూడాలి మీరు. పెదవి బిగిసి, ముక్కు కొస ఎర్రబడి, ఏడాది పాటు నేను దడి కన్నం దగ్గర ఎలా ఉన్నానో అచ్చం అలా ఉంది. నాకు గుడిలో దక్కని పండగంతా అప్పుడు దక్కింది. ఎలా చదివారో చెప్పమంది. అయ్యగారి గొంతు అనుకరించి చెప్పాను. మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను. ఇంకోసారి కూడా చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను గానీ, వదిన పూలను బిందెలోకి సర్దుతూ, నా వైపు చూడకుండా ఒక మాట అడిగింది.

"నా చోట్లో ఎవరు కూచున్నారే?"

నాకు కాంపౌండరు గారి భార్య గుర్తొచ్చింది, పిల్లాడి ముక్కు గుర్తొచ్చింది. "ఎవరూ కూచోలేదు వదినా. ఖాళీగానే ఉంది" అన్నాను. వదిన తల ఊపింది. ముఖం తేటపడింది. ఆ తర్వాత ఇద్దరం పప్పుచారు చేసుకుని అన్నం తిన్నాం. నా చారులో ఉప్పెక్కువైందని ఆవిడా, ఆవిడ బియ్యం ముక్కిపోయిందని నేనూ అనుకున్నాం.

ఆ సాయంత్రం తిరుగు పంటు మీద గాలికి నిలబడి ఒక్కదాన్నే నవ్వుకుంటున్న ఆ పొట్టి జుట్టు పిల్ల నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. ఒకరి ముఖం మాడ్చి రావడానికి గోదావరి దాటి వెళ్ళి, మాడ్చడం అయ్యాక మళ్ళీ బాగుచేసి వచ్చిన పిల్ల. కాస్త తిక్కదే గానీ, దానికున్న పట్టుదల నాకు ఇప్పుడు లేదు. వదిన పోయి చాలా కాలమైంది. నా పెరట్లో ఇప్పుడు ఆస్టర్లు బాగా పూస్తాయి, దారినపోయేవాళ్ళు ఆగి చూసి, ఎంత బాగున్నాయండీ అంటారు. చాలా మర్యాదస్తులు. వాళ్ళకి థాంక్సండీ అని చెప్పి లోపలికి వచ్చేస్తాను.